నాలోని చేతిరాత కాగితం

నేను ఒక పుస్తకాన్ని. నల్ల రెక్సిన్ అట్ట, జానెడు మందం. నాలో కథ లేదు, పద్యం లేదు, దేవుడి పేరు అసలే లేదు. మనుషులకు రాగల జబ్బులన్నీ ఉన్నాయి. ఒక్కో జబ్బుకు ఒక ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన అంకెలు. చెట్టు మీద నుంచి పడినవాడికి ఒక అంకె, నిచ్చెన మీద నుంచి పడినవాడికి ఇంకొకటి. కుక్క కరిస్తే ఒకటి, ఎలుక కరిస్తే వేరొకటి. మా జిల్లాలో గీత కార్మికులు తాడిచెట్ల మీద నుంచి పడటం మామూలే కాబట్టి చెట్టు పేజీ నాలో బాగా నలిగింది. ఎలుక పేజీ ఇప్పటికీ కొత్తగానే ఉంది.

నన్ను చదవడానికి ఎవరూ తెరవరు. వెతకడానికి తెరుస్తారు, దొరకగానే మూసేస్తారు. పుస్తకంగా పుట్టినందుకు నాకు అదొక లోటే. అయితే ఇరవై ఏళ్లలో ఒక్క కాగితం విషయంలో మాత్రం నన్ను నిజంగా చదివారు. ఆ కాగితం గురించే నేను చెప్పదలచుకున్నది. మిగతావన్నీ వదిలేసినా నష్టం లేదు.

నేను గొప్పింటి బిడ్డను కాను. నా అసలు ప్రతి ఏ దూరదేశంలోనో మంచి కాగితం మీద అచ్చయింది. దాన్ని హైదరాబాదులో ఒక మాస్టారు దాచుకుని ఉండేవాడు. ఆస్పత్రి రికార్డుల పని నేర్చుకోవడానికి అక్కడికి వెళ్లిన లింబాద్రి అనే మనిషి, శిక్షణ అయిపోయే ముందు దాన్ని రెండు రోజులకు అడిగి తీసుకుని, దగ్గరుండి జెరాక్సు తీయించాడు. అలా పుట్టాను. మా ఊరు చేరాక చాంద్‌భాయి అనే బైండరు నన్ను సూదీదారంతో కుట్టి, మైదా జిగురు లై పట్టించి, బరువు కింద మూడు రోజులు పెట్టి, "తీసుకో సారూ, నీ కొలువు అయిపోయినా ఇది అట్లనే ఉంటది" అని చేతిలో పెట్టాడు. ఆయన మాట నిజమే అయింది.

మా ఊరంటే గోదావరి దగ్గరి జిల్లాలో ఒక పట్నం. పేరెందుకు గాని, బీడీల ఊరు. ఇంటింటా ఆడవాళ్ల ఒళ్లో చేట, చేటలో తంబాకు, పక్కన కత్తిరించిన తునికాకు. ఆ ఊరి ప్రభుత్వాస్పత్రిలో, మెట్ల కింద, కిటికీ లేని గది లింబాద్రిది. దాన్ని రికార్డు రూం అంటారు. రోగి ఇంటికి పోయాక, లేదా పైకి పోయాక, వాళ్ల కేసు షీటు ఆ గదికి వస్తుంది. అందులో డాక్టరు రాసిన జబ్బు పేరు చూసి, నాలో దాని అంకె వెతికి, ఎర్ర సిరాతో షీటు మూల మీద ఒకసారి, రిజిస్టరులో ఒకసారి రాయడం లింబాద్రి ఉద్యోగం. వార్డులో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. ఆయన మాత్రం ఊరి రొమ్ములూ పేగులూ ఎముకలూ అన్నీ ఎరుగును.

పనిలో మహా నిష్ఠ గల మనిషి. నా పేజీ మూల ఎవరైనా మడిస్తే ఆ పూట వాళ్లతో మాట్లాడేవాడు కాదు. నాకు రెండు భాగాలు. వెనక భాగంలో జబ్బుల పేర్లు అక్షరాల వరుసలో ఉంటాయి, ముందు భాగంలో అంకెల వరుసలో వివరాలు ఉంటాయి. వెనక వెతకాలి, ముందు సరిచూసుకోవాలి. అనుమానం వస్తే చీటీ రాసి డాక్టరుకు పంపాలి. మాస్టారు నేర్పిన ఈ మూడు సూత్రాలనూ లింబాద్రి గోడ మీద రాసి పెట్టుకున్నాడు. ఎనిమిదేళ్లు ఒక్కనాడూ తప్పలేదు. తొమ్మిదో ఏట తప్పాడు.

అది డెంగీ జ్వరాల కాలం. షీట్లు బల్ల మీద మోకాలెత్తు పేరుకున్నాయి. వాటిలో ఒకటి సుదీక్ష అనే ఎనిమిది నెలల పాపది. పుట్టిన మూడో నెల నుంచి మూడుసార్లు న్యుమోనియా అని చేరింది. ఈసారి ఎక్స్‌రే ఫిల్ము తీయించిన డాక్టరు చివర 'ఎడమ ఊపిరితిత్తిలో తిత్తి' అని ఇంగ్లీషులో మూడు ముక్కలు గీకి, బదిలీ మీద మరో ఊరు వెళ్లిపోయాడు. అది పుట్టుకతో వచ్చిందా, తర్వాత వచ్చిందా అని రాయలేదు. డాక్టర్లకు తమకు తెలిసినది లోకానికంతా తెలుసుననే నమ్మకం ఎక్కువ.

లింబాద్రి నా వెనక భాగం తెరిచాడు. తిత్తి, అంటే సిస్టు, అనే మాట కింద శరీరంలో తిత్తులు రాగల చోట్లన్నీ బారులు తీరి ఉంటాయి. వేలు పెట్టి దిగుతూ వచ్చాడు. ఊపిరితిత్తి అనే మాట కుడి పేజీలో అట్టడుగు పంక్తి. దాని పక్కన జె 98.4 అని ఉంది. అది పుట్టిన తర్వాత వచ్చే రకం. ఆ పంక్తి కింద, కాస్త లోపలికి జరిగి, ఇంకో పంక్తి ఉంది: పుట్టుకతో వచ్చినదైతే, క్యూ 33.0. కాకపోతే పేజీ అయిపోయింది కాబట్టి అది కాగితానికి వెనక వైపు పడింది. కాగితం తిప్పితే మొట్టమొదట కనపడేది అదే.

తిప్పడానికి వేలు ఎత్తాడు కూడా. అప్పుడే ఆయన కన్ను షీటులో ఇంకో మాట మీద పడింది. తల్లి వృత్తి: బీడీలు చేయుట. ఎత్తిన వేలు దించేశాడు.

ఇక్కడ ఆయన తల్లి సంగతి చెప్పాలి. ఆమె కూడా బీడీలు చేసి ఈయన్ని చదివించింది. చివరి నాలుగేళ్లు దగ్గి దగ్గి పోయింది. ఆమె షీటు మూల మీద ఎర్ర అంకె వేసింది ఈయనే. ఆ రోజు నన్ను మూసి చాలాసేపు నా అట్ట మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. అందుకే తంబాకు దుమ్ము ఏం చేస్తుందో తనకు తెలుసునని అనుకున్నాడు. తల్లి ఒళ్లో పిల్ల, ఒళ్లోనే చేట, ఇంకేం కావాలి? పేజీ తిప్పలేదు, ముందు భాగంలో సరిచూడలేదు, చీటీ పంపలేదు. జె 98.4 అని ఎర్ర సిరాతో రాసి తర్వాతి షీటు తీశాడు. నాకు నోరు లేదు. ఉంటే మాత్రం ఏం చేసేదాన్నో తెలియదు గాని, లేనందుకు అంత బాధ నేను మరెప్పుడూ పడలేదు.

అంకె ఒకటి మారితే ఏమవుతుందని మీకు అనిపించవచ్చు. మా ఆస్పత్రిలో ఒక పద్ధతి ఉండేది. క్యూ అక్షరం కింద నాలో ఉన్నవన్నీ పుట్టులోపాలు: గుండెకు రంధ్రం, గ్రహణం మొర్రి, వంకర పాదం, సరిగా ఏర్పడని ఊపిరితిత్తులు. మూడు నెలలకొకసారి లింబాద్రి రిజిస్టరు ముందేసుకుని క్యూ అంకెలు పడిన పిల్లల పేర్లన్నీ ఒక జాబితాగా రాసి హైదరాబాదు పెద్దాస్పత్రికి పంపేవాడు. అక్కడి సర్జన్లు ఆ వరుసలో ఆపరేషన్లకు తారీఖులు ఇచ్చేవారు. జె అంకె పడిన పిల్ల ఆ జాబితాలోకి రాదు. ఆమెకు తారీఖు కూడా రాదు.

సుదీక్ష తల్లి పేరు గంగామణి. పాతికేళ్లుంటాయి. చూపుడువేలి కొన తంబాకుతో పసుపుపచ్చగా ఉండేది. బదిలీ అయిన డాక్టరు ఆమెతో, లిస్టులో పేరు హైదరాబాదుకు పోతుంది, కబురు వస్తుంది అన్నాడట. లిస్టు మెట్ల కింది గదిలో ఉంటుందని ఎవరో చెప్పారు. ఒక రోజు పిల్లను భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"సారూ, మా సుదీక్ష పేరొచ్చిందా?"

లింబాద్రి జాబితా తీసి పైనుంచి కిందికి చూశాడు. తానే రాసిన జాబితా. అందులో లేనిది చూడాలంటే మనుషులకు కష్టం.

"రాలేదమ్మా. వస్తే కబురు జేస్తం. నువ్వు బీడీలు జేస్తవా?"

"చేస్త సారూ. మా వాడకట్టుల అందరం జేస్తం."

"ముందుగాల అది బంద్ జెయ్యి. ఆ దుమ్మే పిల్లకు పడ్తలేదు. మా అమ్మను గూడ అదే తిన్నది."

మంచిగానే చెప్పాడు, జాలితోనే చెప్పాడు. ఆమె తల వంచుకుని విన్నది. మర్నెల వచ్చినప్పుడు ఆమె వేలి కొన మీద పసుపు తగ్గింది. ఆ తర్వాతి నెలకు పూర్తిగా పోయింది. బీడీలు మానేసి పొలం పనికి పోతున్నానని, వీలున్నంత వరకు పిల్లను తన పుట్టింట్లో ఉంచుతున్నానని చెప్పింది. ఇంట్లో అత్తగారు, నీ చేతులే పిల్ల గొంతు మీద పడ్డాయి అంటోందని కూడా చెప్పింది. తప్పు చేసినదాన్ని కదా, పడాలి అన్నట్టుగా చెప్పింది. లింబాద్రి సానుభూతిగా తల ఊపి, జాబితా చూసి, రాలేదమ్మా అన్నాడు.

ఆరుసార్లు వచ్చింది. ప్రతిసారీ పిల్ల ఊపిరి చప్పుడు నాకు వినపడేది. తడి బట్ట ఆరేసినప్పుడు గాలికి కొట్టుకునే చప్పుడు లాంటిది. ఒక్కోసారి ఆ చప్పుడు కన్నా పిల్ల నవ్వే ముందు వినపడేది, ఎందుకంటే లింబాద్రి ఎర్ర పెన్ను ఆమెకు ఇష్టం. ఈయన మూత పెట్టి ఆడుకోవడానికి ఇచ్చేవాడు. ఏ పెన్నుతో తన పేరు తప్పిపోయిందో ఆ పెన్ను పట్టుకుని ఆ పిల్ల నవ్వేది. ఈలోగా రెండు జాబితాలు హైదరాబాదు వెళ్లాయి.

ఏడో నెలలో గంగామణి గుమ్మంలోకి రాలేదు. నేరుగా వార్డులోకి వచ్చింది. తిత్తికి చీము పట్టి, పిల్ల ఒళ్లు కాలిపోతోంది.

అప్పటికి పిల్లల వార్డుకు ముబీనా అనే కొత్త డాక్టరమ్మ వచ్చి ఉంది. సన్నగా, పొట్టిగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. పాత ఫిల్ములన్నీ తెప్పించి చూసి, కొత్త ఫిల్ము చేత్తో పట్టుకుని తానే మెట్లు దిగి మా గదికి వచ్చింది. అంతకు ముందు ఏ డాక్టరూ ఆ మెట్లు దిగి రాలేదు.

"లింబాద్రి గారూ, ఈ పాప పేరు పుట్టులోపాల లిస్టులో ఎందుకు లేదు?"

"గిది పుట్టులోపం గాదు మేడం. ఊపిరితిత్తిల తిత్తి. తర్వాత వచ్చింది. తల్లి బీడీలు జేస్తుండె."

"తర్వాత వచ్చిందని ఎవరు చెప్పారు?"

"బుక్కుల ఉన్నది మేడం," అన్నాడు లింబాద్రి. నా మీద ఆయనకు అంత నమ్మకం. నన్ను తెరిచి, అట్టడుగు పంక్తి మీద వేలు పెట్టి చూపించాడు.

ఆమె వంగి చదివింది. "మూడో నెల నుంచి రోగంతో ఉన్న పిల్లకు అది పుట్టుకతో కాక ఇంకెప్పుడు వస్తుందండీ? పేజీ తిప్పండి."

తిప్పాడు.

మొదటి పంక్తి మీద ఆయన వేలు ఆగిపోయింది. నేను ఎంతోమంది వేళ్లు ఎరుగుదును. అంత చల్లబడిన వేలు నా మీద ఎన్నడూ పడలేదు. ఆమె కోప్పడలేదు. రేపు పొద్దున్నే పాపను హైదరాబాదు పంపిస్తున్నాను, పేరు రాసివ్వండి అని మాత్రం అని, మెట్లెక్కి వెళ్లిపోయింది.

లింబాద్రి రిజిస్టరు తీశాడు. మా గదిలో తప్పును చెరపకూడదు, రుద్దకూడదు. పాతది కనపడేలా ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, కింద సంతకం, తేదీ పెట్టాలి. అలాగే చేశాడు. పనైపోయిందని అక్కడితో ఊరుకుని ఉండవచ్చు. ఆ గీత, ఆ సంతకం ఎవరూ చూడరు. చూసినా ఎవరికీ అర్థం కాదు. గంగామణికి జరిగింది తెలిసే దారే లేదు. ఆయన రిజిస్టరు మూసి ఇంకో షీటు అందుకున్నాడు కూడా. తర్వాత నన్ను చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు. నేను ఆ గది దాటి బయటికి రావడం అదే మొదలు.

వార్డులో పిల్ల ముక్కుకు గొట్టం ఉంది. తల్లి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఈయన్ని చూసి, పేరు వచ్చిందేమోనని లేచి నిలబడింది.

"కూసో అమ్మా," అని తానూ ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు. "నీ బిడ్డ పేరు రాకపోవుడు నా తప్పు. డాక్టర్లది గాదు, హైదరాబాదోళ్లది గాదు. నేను పుస్తకంల ఒక పేజీ తిప్పలేదు. నీ బిడ్డది పుట్టుకతోని వచ్చిన రోగం. నేను తర్వాత వచ్చిందని రాసిన. అందుకే పేరు హైదరాబాదుకు పోలేదు."

ఆమె మంచం మీది పిల్ల వైపు చూసి, మళ్లీ ఈయన వైపు చూసింది.

"నేనెన్నిసార్లొచ్చిన సారూ మీ కాడికి?"

"ఆరుసార్లు."

తిట్టి ఉంటే ఆయనకు తేలిగ్గా ఉండేదేమో. తిట్టలేదు. ఒక్కటే అడిగింది. "అయితే బీడీల వల్ల గాదా?"

"గాదు."

"కడుపుతోని ఉన్నప్పుడు గూడ చేసిన సారూ."

ఆ మాట పక్క మంచం దగ్గరున్న ముబీనా డాక్టరు విని వచ్చింది. "అమ్మా, ఇది ఎందుకొస్తుందో మాకే తెలియదు. తల్లి కడుపులో ఊపిరితిత్తులు తయారయ్యేటప్పుడు ఒక్కోసారి ఇట్లా అవుతుంది. బీడీలు ముట్టని తల్లుల పిల్లలకూ వస్తుంది. నీ వల్ల అని ఏ పుస్తకంలోనూ లేదు."

ఆమె చెప్పింది నిజమే. నాలో తల్లి పొగ తాగితే ఒక అంకె ఉంది గాని, బీడీలు చుట్టిన చేతులు పిల్లకు ఈ తిత్తి తెచ్చాయని ఎక్కడా లేదు. ఊరంతా చదివినట్టే మాట్లాడింది, చదివినవాడు ఒక్కడూ లేడు.

గంగామణి అప్పుడు ఏడ్చింది. పిల్ల జబ్బుపడిన ఏడాది కాలంలో మొదటిసారి అనుకుంటాను, తన కోసం ఏడ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని లింబాద్రిని అడిగింది.

"గా మాట కాయితం మీద ఇస్తరా? మా అత్తకు జూపియ్యాలె."

లింబాద్రి నన్ను ఒళ్లో తెరిచాడు. ఆ కాగితం వెనక వైపు, మొదటి పంక్తి కింద ఎర్ర సిరాతో గీశాడు. ఆ తర్వాత చేసిన పని నేను కలలో కూడా అనుకోనిది. మూల మడిస్తే అలిగే మనిషి ఎడమ చేత్తో నన్ను అదిమిపట్టి, కుడి చేత్తో ఆ కాగితాన్ని మొదలంటా చింపాడు. చాంద్‌భాయి కుట్టు గట్టిది, రెండుసార్లు లాగవలసి వచ్చింది. నొప్పి సంగతి అడగకండి. పుస్తకానికి ఒక కాగితం పోవడమంటే ఏమిటో మీకు చెప్పినా తెలియదు. కానీ ఆ పూట అది నాలో ఉండటం కన్నా ఆమె చేతిలో ఉండటమే న్యాయమని నాకూ అనిపించింది.

మర్నాడు పొద్దున పిల్లను హైదరాబాదు తీసుకెళ్లారు. మా గదిలో లింబాద్రి అన్నం డబ్బా తెరవకుండా రోజులు గడిపాడు. తొమ్మిదేళ్ల రిజిస్టర్లు దించి, ఊపిరితిత్తిలో తిత్తి అని రాసిన ప్రతి పిల్ల షీటూ మళ్లీ చదివాడు. ఆ డెంగీ కాలపు షీట్లలోనే ఇంకో పాప దొరికింది. ఆమె పేరు ఆ వారమే వెళ్లింది. హైదరాబాదు మాస్టారి దగ్గరికి పోయి, నాలో చిరిగిపోయిన కాగితానికి రెండు వైపులా ఉన్నదంతా చేత్తో రాసుకొచ్చి, నా కుట్టులో మిగిలిన అంచుకు లైతో అతికించాడు. గుండ్రటి అక్షరాలు, తిన్నటి పంక్తులు. ఒక్కచోట మాత్రం అసలుకు తేడా ఉంది. ముందు వైపు అట్టడుగున చోటు లేకపోయినా, అంచులోకి ఇరికించి, చిన్న అక్షరాలతో ఇంకో పంక్తి చేర్చాడు. పుట్టుకతో వచ్చినదైతే, క్యూ 33.0. దాని కింద ఎర్ర సిరాతో గీత గీశాడు. ఆయన రాతలో ఆ మాట కాగితం వెనక్కి పోలేదు.

రెండు నెలలకు ముబీనా డాక్టరు వచ్చి చెప్పింది. పాప బతికింది. కాని మొదట్లోనే వెళ్లి ఉంటే ఎడమ ఊపిరితిత్తిలో కింది భాగం ఒక్కటే తీసేవారట. ఇన్నాళ్ల చీముకు మిగతాది కూడా పాడైపోయింది. మొత్తం తీసేశారు. లింబాద్రి బతికిందన్న మాట విని దండం పెట్టాడు. రెండో మాట విని చేతులు దించేశాడు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు గడిచాయి. మా గదికి కంప్యూటరు వచ్చింది, దానితో పాటు ప్రవళిక అనే అమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల. నాలో వెతకడానికి రెండు నిమిషాలు పట్టేదాన్ని కంప్యూటరు రెప్పపాటులో చూపించేది. నన్ను ఏం చేయాలో తోచక దాని కిందే పెట్టారు, తెర కంటికి ఎత్తుగా ఉంటుందని. నా నెత్తిన కూర్చుని అది నా పని చేస్తూ ఉండేది. నాకు కోపమేమీ రాలేదని చెబితే అబద్ధమవుతుంది.

లింబాద్రి కొలువు ఇంకో నాలుగు నెలలుందనగా ఒక మధ్యాహ్నం గంగామణి వచ్చింది. చూపుడువేలి కొన మళ్లీ పసుపుగా ఉంది. పక్కన పదేళ్ల పిల్ల, రెండు జడలు, మెట్లు దిగిన ఆయాసానికి కాసేపు గుమ్మం పట్టుకుని నిలబడింది. గురుకులంలో అయిదో తరగతిలో సీటు వచ్చిందట. ఆరోగ్యం కాగితం కావాలన్నారట. ఆ కాగితం మీద అంకె కావాలి.

లింబాద్రి లేచి ఆ పిల్లకు తన కుర్చీ ఇచ్చాడు. ప్రవళిక పాత కాగితాలు చూసి, ఒక ఊపిరితిత్తి లేకపోవడం అని కంప్యూటరులో కొట్టింది.

"దొరికింది సార్. క్యూ 33.3. పుట్టుకతో ఊపిరితిత్తి లేకపోవుట. ఎట్లాగూ ఈ పాపది పుట్టులోపమే కద, ఇదే కొట్టేస్తున్న."

"ఆగు," అన్నాడు లింబాద్రి.

కంప్యూటరు తెరను రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టి, నన్ను బయటికి తీశాడు. లేకపోవడం అనే మాట కింద, ఊపిరితిత్తి దగ్గర వేలు పెట్టాడు. ప్రవళిక చెప్పిన అంకె ఉంది. దాని కింద, కాస్త లోపలికి జరిగి, ఇంకో పంక్తి ఉంది: తర్వాత తీసివేసినదైతే, జెడ్ 90.2.

"ఈ బిడ్డ రెండు ఊపిరితిత్తులతోని పుట్టింది. ఒకదాంట్ల తిత్తి ఉండె. ఊపిరితిత్తి పోయింది తర్వాత. గిది రాయి."

"సార్, ఏది రాసినా సీటుకేం తేడా రాదు."

"సీటుకు రాదు," అని గంగామణి వైపు తిరిగాడు. "అమ్మా, అప్పుడు పుట్టుకతోని వచ్చినదాన్ని తర్వాత వచ్చిందని రాసిన. ఇప్పుడు తర్వాత పోయినదాన్ని పుట్టుకతోని పోయిందని రాస్తే, నా తప్పు మళ్ల నీ కడుపు మీద వెట్టినట్టయితది."

ప్రవళికకు ఏమీ అర్థం కాలేదు, అయినా ఆయన చెప్పిన అంకే కొట్టింది.  క్షమించానని గంగామణి ఎన్నడూ అనలేదు, ఆయనా ఎన్నడూ అడగలేదు. సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది. నా కాగితం. తొమ్మిదేళ్లయినా మడత పడలేదు.

"మా అత్తకు ఇదే జూపిచ్చిన సారూ. ఇంగిలీషు కాయితం గదా, ఎంటనే నమ్మింది. తెలుగుల ఉంటే నమ్మకపోతుండె." కొద్దిగా నవ్వింది. "ఇగ ఆమె పోయింది. అయినా దాసుకున్న."

సుదీక్ష ఆ కాగితాన్ని కవరులోంచి తీసింది. నన్ను తన వైపు జరుపుకుని పేజీలు తిప్పుతూ, అచ్చు మధ్యలో చేతిరాత కనపడగానే ఆగింది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసింది. చేతిరాత కాగితం అట్టడుగున ఎర్రగీత ఉంది. అచ్చు కాగితం అట్టడుగున లేదు.

"సారూ, గిండ్ల ఉన్నది. గండ్ల లేదు."

లింబాద్రి చూపించడానికి వంగాడు. పిల్ల ఆయన జవాబు కోసం ఆగలేదు. అచ్చు కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, తిప్పింది.

"ఓ, ఎనకకు ఉన్నది," అని, ఎర్రగీత మీద వేలు పెట్టి తల్లికి చూపించింది.

అంతే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ నేర్పలేదు. ఒక్క రెప్పపాటు పట్టింది. లింబాద్రి అటువైపు తిరిగి ర్యాకుల్లో ఏదో వెతుకుతున్నట్టు చాలాసేపు నిలబడ్డాడు. 

ఆయన కొలువు అయిపోయింది. నేను ఇప్పుడు మెట్ల కింద పాత రిజిస్టర్ల మధ్య ఉన్నాను, ఎప్పుడో తూకానికి పోతాను. దానికి నాకు బెంగ లేదు. ఆ రోజు పోతూ పోతూ ఆ పిల్ల నన్ను మూయడం మరిచిపోయింది. ఎవరూ మూయలేదు. చేతిరాత కాగితం దగ్గర తెరుచుకునే ఉన్నాను.